నేను పక్క తడపలేదు

తడిపింది పిల్ల కాదు. మీరు.

నలుగురు పెద్దవాళ్ళున్న ఇల్లు. ఎనిమిదేళ్ళ పిల్ల పందొమ్మిది రోజులుగా తడి దుప్పటి మీద నిద్ర లేస్తోంది. ఆ తడి మీ నలుగురిదీ. ఒకరు తిట్టారు. ఒకరు సామెత చెప్పారు. ఒకరు నోరు మూసుకుని ఉతికారు. ఒకరు బూట్లేసుకుని పనికి పోయారు. అడిగినవాళ్ళు మాత్రం లేరు. "ఎందుకు తడిపావే?" అని రోజూ అరిచాం కదా అంటారేమో. అది అడగడం కాదు. తిట్టుకి చివర కొక్కెం తగిలిస్తే ప్రశ్న అయిపోదు.

పోయిన వారం కథ ఒక పెన్ను దగ్గర ఆగింది. ఆదివారం పొద్దున తొమ్మిది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో బల్ల, బల్ల మీద టీ గ్లాసు, గ్లాసు కింద దరఖాస్తు. ఊరవతల పిల్లల వసతి గృహానిది. ఇలాంటి పిల్లల్ని అక్కడే ఉంచుకుంటారట, నెలకోసారి చూడనిస్తారట. తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి సంతకం ఉంటే చాలు. గడువు రేపు సాయంత్రం. ఆ కాగితం తెచ్చింది పెద్దత్త. పిల్ల తండ్రికి స్వయానా అక్క. తన ఇంటికి రంగులు వేయిస్తున్నారని వచ్చి, పందొమ్మిది రోజులుగా ఇక్కడే మకాం. తండ్రి పెన్ను మూత తీశాడు. వారం నుంచి ఆ పెన్ను గాల్లోనే ఉంది పాపం, సిరా ఆరిపోయి ఉంటుంది.

"పెట్టరా సంతకం," అంది పెద్దత్త. "పెన్నేం పాము కాదు."

పెద్దత్త బస్టాండులో టికెట్లిస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా లోకాన్ని చెయ్యి పట్టేంత కంతలోంచి చూస్తోంది. ఎదుటివాళ్ళు రెండో మాట ఎత్తితే "తరవాత ఎవరు" అనడం అలవాటు. ఇంట్లోనూ అంతే. ఇవాళ ఒళ్ళో ఒక తోలుబ్యాగు పెట్టుకుని కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచీ దాన్ని కింద పెట్టలేదు.

తండ్రి లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో అందరినీ పైకీ కిందికీ చేరుస్తాడు. ఇంట్లో మాత్రం పెళ్ళానికీ అక్కకీ మధ్య ఇరుక్కుని, తలుపు తెరుచుకోక, అలారం నొక్కడం చాతకాక నిలబడిపోతాడు. ఇప్పుడూ అదే. పెన్ను వైపు చూశాడు, బ్యాగు వైపు చూశాడు, చెమట తుడుచుకున్నాడు.

"పెట్టరు," అంది తల్లి బాల్కనీలోంచి, పరుపుని పిట్టగోడ మీదికి ఎత్తుతూ. "ఆయన ఒప్పుకోలేదు. సంతకం పెట్టలేదు. పిల్లని ఎక్కడికీ పంపం."

సంతకం పెట్టలేదు అన్న మాట చెవిన పడగానే, బల్ల కింద కూర్చున్న రూలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎవరూ చూడలేదు. ఈ ఇంట్లో చూడటం అనే పని ఎవరి వంతుకీ రాలేదు.

రూలమ్మ అంటే ఆ పిల్లే. ఆటిజం ఉంది. చెప్పిన మాట చెప్పినట్టే తీసుకుంటుంది, అటూ ఇటూ జరపదు. "ఒక్క నిమిషం ఆగు" అంటే గడియారం ముందు నిలబడి అరవై లెక్కపెట్టి "అయింది" అంటుంది. అందుకని తల్లి ఒక పుస్తకం పెట్టింది. ముందు ఏ కాలికి బూటు, పళ్ళు ఎంతసేపు తోమాలి, సబ్బు తిరిగి ఎక్కడ పెట్టాలి. పక్కన బొమ్మలు గీసి, నంబర్లు వేసి, తల్లీకూతుళ్ళు కలిసి పదమూడు రూళ్ళు రాసుకున్నారు. ఆ తరవాత ఇంట్లో పొద్దుటి యుద్ధాలు ఆగిపోయాయి. రెండేళ్ళుగా దుప్పటి పొడిగా ఉంది. పందొమ్మిది రోజుల కింద మళ్ళీ మొదలైంది. పిల్లల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఒంట్లో ఏమీ లేదు, ఇంట్లో ఏం మారిందో చూసుకోండి అంది. ఇంట్లో మారింది ఇప్పుడు ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. ఆ ముక్క ఎవరంటారు?

"మొక్కై వంగనిది మానై వంగునా," అంది పెద్దత్త. "ఇప్పుడే వంచాలి. అక్కడైతే వంచుతారు."

"ఆ సామెత నాది," అంది నానమ్మ, గోడవారన మంచం మీంచి. నానమ్మ దగ్గర ఏ రోగానికైనా సామెతే మందు. "నిన్న నేను చెప్పిందే."

"మొక్క వంగదు," అంది బల్ల కింది గొంతు.

పెద్దత్త వంగి చూసింది. "నిన్నెవరైనా అడిగారా?"

"అడగలేదు," అని ఒప్పుకుని రూలమ్మ మళ్ళీ నోరు మూసింది.

"ఏ మొక్కమ్మా?" అన్నాడు తండ్రి. సంతకం తప్ప ఏం మాట్లాడమన్నా మాట్లాడేలా ఉన్నాడు.

"బాల్కనీలో గులాబీ మొక్క. నిన్న నానమ్మ చెప్పాక వంచి చూశాను. విరిగింది."

నానమ్మ లేచి కూర్చుంది. "నా గులాబీనా?"

"అదే."

నానమ్మ దీనికి తగ్గ సామెత కోసం లోపలంతా వెతుక్కుంది. దొరకలేదు. తిరిగి పడుకుంది.

"చూశావా తమ్ముడూ," అంది పెద్దత్త. "విరగ్గొట్టడం, తడపడం, పైగా అబద్ధాలు. తడిసిన గుడ్డల్లో కూర్చుని నా మొహం చూస్తూ 'నేను పక్క తడపలేదు' అంటుంది రోజూ. తడి నా కళ్ళకి కనిపిస్తోంటే. తడపడం మాన్పించొచ్చు, అబద్ధం ఎవడు మాన్పిస్తాడు?"

తల్లి గదిలోకొచ్చింది. చేతిలో పొద్దుటి దుప్పటి, ఇంకా ఉతకనిది.

"నా కూతురికి అబద్ధం రాదు వదినా. పోయిన వారం మీరు కూర వండి, ఎలా ఉందే అని దాన్ని అడిగారు. ఏం చెప్పిందో గుర్తుందా?"

"ఇప్పుడా కూర గోలెందుకు?"

"బల్ల తుడిచే గుడ్డ వాసన వస్తోంది అంది," అన్నాడు తండ్రి. అని, అన్నందుకు నాలిక్కరుచుకున్నాడు.

"అబద్ధం చెప్పేదే అయితే ఆరోజే చెప్పేది," అంది తల్లి. "గ్లాసు తియ్యండి."

"ఎందుకు?"

"తియ్యండి."

పెద్దత్త గ్లాసు తీసింది. తల్లి దుప్పటిని బల్ల మీద పరిచింది. దరఖాస్తు దాని కింద పడిపోయింది. పెద్దత్త కుర్చీ రెండడుగులు వెనక్కి జరిగింది, బ్యాగుతో సహా.

"టీ తాగే బల్ల అది," అంది.

"నేను ఆసుపత్రి లాండ్రీలో పన్నెండేళ్ళుగా ఉతుకుతున్నాను. రోజుకి నాలుగు వందల దుప్పట్లు. మనిషిని చూడక్కర్లేదు నాకు, దుప్పటి చూపిస్తే చెప్తాను, ఎటు తిరిగి పడుకున్నాడో, ఎటు నొప్పో. పిల్లలు నిద్రలో దొర్లుతారు. మరక ఒకరోజు ఇటుంటే ఒకరోజు అటుంటుంది. దీని మరక మొదటి రోజు గోడ వైపు ఉంది, బాగా గుర్తు. రెండో రోజు నుంచి చూడండి. మేకు కొట్టినట్టు నట్టనడుమ. రోజూ నట్టనడుమే."

తండ్రి పెన్ను కింద పెట్టి నడుముకున్న టేపు తీశాడు. ఆదివారం కూడా టేపు నడుముకే ఉంటుంది ఆయనకి. ఇటు కొలిచాడు, అటు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఇటు పదమూడు అంగుళాలు. అటూ పదమూడే," అన్నాడు. "నా లిఫ్టులు కూడా ఇంత సరిగ్గా ఆగవు."

"నిద్రలో తడిపే పిల్లకి ఇంత లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది తల్లి. "నేను రోజూ నానబెట్టాను, ఉతికాను, ఆరేశాను. ఒక్కరోజు కూడా దీన్నడగలేదు. వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?"

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి అంచు ఎత్తి, బల్ల కిందికి చూసింది. గొంతు తగ్గించింది. అరుపుల్లేవు, కొక్కేల్లేవు.

"మధ్యలోనే ఎందుకు నాన్నా?"

రూలమ్మ చేతులు నోటి మీంచి తీసింది. అడిగారు కదా మరి.

"పక్క తడపకూడదు కదా. అందుకని మధ్య తడిపాను."

తండ్రి, నట్టు వదులైన చోటు వెతుకుతున్న మెకానిక్కులా, నెమ్మదిగా అడిగాడు. "పక్కంటే ఏంటమ్మా?"

అంత పెద్దాయనకి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది రూలమ్మ. బల్ల కిందనుంచి బయటికొచ్చి, దుప్పటి దగ్గర నిలబడి చూపించింది. "ఇది ఈ పక్క. అది ఆ పక్క. ఇది మధ్య. మధ్య పక్క కాదు. దొర్లకుండా ఇటు స్కూలు బ్యాగు, అటు బూట్ల పెట్టె పెట్టుకున్నాను. కదలకుండా పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కింది. కానీ పక్క ఒక్కసారి కూడా తడవలేదు. మొదటి రోజు తడిసింది. అప్పటికి రూలు లేదు."

మంచాన్నీ పక్క అనేది మనమే, వైపునీ పక్క అనేది మనమే. రెండర్థాల మాట పిల్ల మొహాన పడేసి, ఒక అర్థం మన దగ్గర దాచుకుని, తప్పు ఆ పిల్లదన్నాం. ఆ పిల్ల పద్దెనిమిది రాత్రులు కట్టెలా బిగుసుకుని పడుకుని, మన మాట నిలబెట్టింది. దాన్ని అబద్ధాలకోరు అన్నాం.

నానమ్మకి నవ్వొచ్చింది. ముందు భుజాలు కదిలాయి, తరవాత మంచం కదిలింది. "మధ్య తడిపిందిటే," అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సరే," అంది తల్లి. "వస్తున్నట్టు తెలుస్తుందా నీకు?"

"తెలుస్తుంది. మెలకువొస్తుంది."

"మరి లేచి బాత్రూముకి ఎందుకు వెళ్ళలేదు?"

"రూలు పద్నాలుగు."

తల్లి మొహం చిట్లించింది. "మనం రాసుకున్నవి పదమూడే కదా?"

రూలమ్మ పుస్తకం తెచ్చింది. పదమూడు దాకా తల్లి రాత, బొమ్మలు. ఆ తరవాత పిల్ల రాత, బొమ్మల్లేవు. తల్లి పైకి చదివింది. "పద్నాలుగు. లైటు ఆర్పాక మంచం దిగకూడదు. చెప్పినవారు నానమ్మ."

మంచం కదలడం ఆగిపోయింది.

"అది వాళ్ళత్త వచ్చిన మొదటి రాత్రి," అంది నానమ్మ. "ముందుగదిలో కొత్త మనిషి పడుకుందని ఇది పదిసార్లు లేచి చూస్తోంది. అత్తకి నిద్ర చెడుతుందని అన్నాను. ఆ ఒక్క రాత్రికే అన్నాను."

"ఆ ఒక్క రాత్రికి అని చెప్పలేదు," అంది రూలమ్మ.

నానమ్మకి ఈసారి సామెత వెతకాలని కూడా అనిపించలేదు. "చెప్పలేదు," అంది. "నిజమే. చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా, ఆ రూలు లేదు, పో."

"నోటితో చెప్తే చెల్లదు. రూలు పదమూడు. మారిస్తే రాసి సంతకం పెట్టాలి."

నానమ్మకి కళ్ళజోడు తెచ్చారు. పెన్ను తెచ్చారు, తండ్రి ఇందాక కింద పెట్టినదే. నానమ్మ పద్నాలుగో రూలు కొట్టేసి, కింద కష్టపడి రాసింది. లైటు ఆర్పినా సరే, ఒకటికి వస్తే మంచం దిగొచ్చు.

రూలమ్మ చదివింది. "ఒకటికి అంటే? ఏం ఒకటి?"

"అదేనే. ఒకటికి."

"ఒకటి తరవాత రెండు వస్తుంది."

"అదీ వస్తుందిలే. అది వేరే."

"అమ్మా," అన్నాడు తండ్రి, "ఉన్నమాట రాసెయ్యి."

డెబ్భై ఏళ్ళ బతుకులో నానమ్మ ఆ మాట కాగితం మీద పెట్టలేదు. అటూ ఇటూ చూసి, "ఒకటికి" కొట్టేసి, "ఉచ్చ" అని రాసింది. సంతకం పెట్టి, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు పుస్తకం మూసేసింది. రూలమ్మ తెరిచి, సరిచూసుకుని, తలూపింది.

"ఇక దిగి వెళ్తావుగా?" అన్నాడు తండ్రి.

"వెళ్ళను."

"ఇంకా ఎందుకమ్మా?"

ఆ ఇంట్లో ఒక్క పొద్దున ఇన్ని అసలు ప్రశ్నలు పుట్టడం ఇదే మొదటిసారి. రూలమ్మ జవాబులన్నీ సిద్ధంగానే పెట్టుకుంది. పందొమ్మిది రోజులుగా పెట్టుకునే ఉంది. "లైటు వేస్తే ఫ్యాను కూడా అరుస్తుంది. పగలు చెవులు మూసుకుని వెళ్తాను. రాత్రి అరిస్తే అత్త లేస్తుంది. అత్త లేస్తే అత్త అరుస్తుంది."

తండ్రి బాత్రూము దాకా వెళ్ళి స్విచ్చు వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు. లైటుకీ గాలి లాగే ఫ్యానుకీ ఒకటే స్విచ్చు. పదేళ్ళుగా ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు. ఇవాళే చెవిన పడింది. బీరువా మీంచి పనిసంచి దించి స్క్రూడ్రైవరు తీశాడు.

"అక్కా, లిఫ్టు కదలకపోతే జనం తలుపుని తంతారు," అన్నాడు స్విచ్చుబోర్డు విప్పుతూ. ఇందాకటి నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి పెద్ద మాట ఇది. "తంతే కదలదు. మొండికేసి కాదు. ఎక్కడో ఒక తలుపు పడలేదు, పడ్డట్టు సిగ్నల్ రాలేదు, అంతే. ఏ అంతస్తులో పడలేదో వెతకాలి. రోజూ చేసే పనే ఇది. ఊరందరి ఇళ్ళలో చేస్తాను. నా ఇంట్లో మాత్రం తలుపు తన్నేవాళ్ళ పక్కన నిలబడ్డాను." వైరు కొరికి ఊశాడు. "ఫ్యానుకి వేరే స్విచ్చు పెడతాను. మంచం నుంచి బాత్రూము దాకా చిన్న లైట్లు పెడతాను. ఒక్కో మెట్టుకీ ఒక్కో బొమ్మ, లిఫ్టు బటన్లలాగా. లే, చెప్పులు, లైటు, కూర్చో, చేతులు కడుగు, తిరిగి మంచం. ఏమ్మా?"

"నీళ్ళు పొయ్యడం మర్చిపోయావు," అంది రూలమ్మ.

"అవును. నీళ్ళు పొయ్యి."

పెద్దత్త ఇదంతా కౌంటరు మూసే వేళకి వరసలో నిలబడ్డవాళ్ళని చూసినట్టు చూస్తోంది. "బాగుంది సంబడం. ఇవాళ పక్క. రేపు ఇంకో మాట, ఇంకో అర్థం. దీనికోసం ఎంతమంది ఎన్ని మాటలు సరిచేసుకుంటారు?"

"ఎన్నుంటే అన్ని," అంది తల్లి.

"తరవాత ఎవరు?" అంది రూలమ్మ, అచ్చం అత్త గొంతుతో. పుస్తకం, పెన్ను పట్టుకుని పెద్దత్త కుర్చీ ముందు నిలబడింది. "రూలు పదిహేను, పక్క తడపకూడదు. చెప్పినవారు అత్త. రూలు పదహారు, పెద్దవాళ్ళు అడిగితేనే మాట్లాడాలి. చెప్పినవారు అత్త. మారుస్తావా?"

"నేనేం మార్చను."

"మార్చకపోతే ఉంటాయి," అంది రూలమ్మ. కోపం లేదు, సమాచారం చెప్పింది అంతే.

తల్లి చూపు పదహారో రూలు దగ్గరే ఆగిపోయింది. అడిగితేనే మాట్లాడాలి. అంటే అడగకపోతే ఇంకా ఏమేం లోపల ఉండిపోయాయో. ఇందాక ఈ పిల్ల నోటి మీద చేతులెందుకు పెట్టుకుంది?

"నాన్నా, పదహారు తరవాత ఇంకా ఉన్నాయా?"

"ఒకటి ఉంది. రూలు పదిహేడు."

బాత్రూము దగ్గర స్క్రూడ్రైవరు కింద పడింది.

"ఏంటది?"

"చెప్పకూడదు. చెప్పకూడదనే రూలు." రూలమ్మ కాసేపు ఆలోచించింది. పెదాలు కదిలాయి, రూల్లో ఒక్కో మాటా తడిమి చూసుకుంటున్నట్టు. తరవాత మొహం విప్పారింది. "చూపించకూడదని లేదు."

పుస్తకం తల్లి చేతికిచ్చింది.

తల్లి చదివింది. ఈసారి పైకి కాదు. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది. తల ఎత్తి మొగుడి వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"పదిహేడు," అని ఇప్పుడు పైకి చదివింది, ఒక్కో మాటా పిండి ఆరేస్తున్నట్టు. "గురువారం నాన్న ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టి అత్తకి ఇచ్చాడని అమ్మకి చెప్పకూడదు. చెప్పినవారు నాన్న."

నానమ్మ మంచం దిగింది. పట్టపగలు, లైటు ఆర్పకుండానే.

"ఈ పెన్ను, ఈ గ్లాసు, ఈ పొద్దుటి ఆట, ఇదంతా నా కోసమన్నమాట," అంది తల్లి. "నేను ఒప్పుకుంటే అందరం కలిసి అనుకున్నట్టు ఉంటుంది. ఒప్పుకోకపోతే బ్యాగులోది ఉండనే ఉంది. రేపు డ్యూటీకి పోతూ వసతి గృహంలో ఇచ్చేస్తారు."

"నేను, అది, అక్క రోజూ అంటోంటే," అన్నాడు తండ్రి. "వెనక్కి తీసుకుందామనే..."

"మీతో తరవాత మాట్లాడతాను. మీ సంగతి పెద్దది." తల్లి దుప్పటి మీద మరక ఉన్నచోట, సరిగ్గా మధ్యలో, అరచెయ్యి ఆనించింది. "వదినా, బ్యాగు తెరవండి. ఆ కాగితం తీసి ఇక్కడ పెట్టండి. ఒక్క నిమిషం ఇస్తున్నాను."

ఒక్క నిమిషం అన్నారు కదా. రూలమ్మ వెళ్ళి గడియారం ముందు నిలబడింది.

"ఒకటి," అంది. "రెండు."

పెద్దత్త చెయ్యి బ్యాగు జిప్పు మీద పడింది. తెరవడానికో, ఇంకా గట్టిగా మూయడానికో.

"మూడు."

"తెరవండి, వదినా."